గద్ద ఎందుకు ఆగుతుంది?

పొద్దున్న ఏడు గంటలకు మీ ఊరి తాటిచెట్టు మీదో, నీళ్ల ట్యాంకు మీదో కూర్చున్న గద్దను చూడండి. ఎగిరినా నాలుగుసార్లు రెక్కలు కొట్టి మళ్లీ వాలిపోతుంది. అదే గద్దను పది దాటాక చూడండి. రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ, మనం చూస్తూ ఉండగానే చుక్కంత అయిపోతుంది. పొద్దున లేని బలం దానికి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ బలం గాలిది. ఎండకు నేల వేడెక్కుతుంది. నేలను అంటుకున్న గాలి కూడా వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. ఆ గాలి కోసమే గద్ద అంతసేపూ కాచుకుని కూర్చుంది. ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఈ సంగతిని ఓపిగ్గా గమనించి 1913లో ఒక పుస్తకం రాశాడు. ముందు గద్దలు లేస్తాయనీ, బరువైన రాబందులు గాలి ఇంకా బలపడ్డాక లేస్తాయనీ ఆయన గుర్తించాడు. అంటే ఏ పక్షి లెక్క దానిదన్నమాట!

ఇప్పుడు మనిషి సంగతి చూద్దాం. పారాగ్లైడర్‌ను మీరు టీవీలోనో, ఫోనులోనో చూసే ఉంటారు. దానికి ఇంజను లేదు, చట్రమూ లేదు. గుడ్డతో కుట్టిన పెద్ద రెక్క, దానికి తాళ్లు, కింద ఒక మనిషి. రెక్క ముందు అంచున ఉన్న నోళ్లలోంచి గాలి దూరి దాన్ని దిండులా ఉబ్బించి నిలబెడుతుంది. కదలని గాలిలో అది సెకనుకు సుమారు ఒక మీటరు చొప్పున దిగుతూనే ఉంటుంది. కాని చుట్టూ ఉన్న గాలి అంతకన్నా వేగంగా లేస్తుంటే, మనిషి దిగుతూనే పైకి పోతాడు! ఇందులో మాయ ఏమీ లేదు. ఎగువకు పోతున్న లాంచీలో మీరు వెనక్కి నడిచినా పాపికొండలకే చేరతారు కదూ? ఇదీ అంతే.

మన డెల్టా అరచేయిలా చదునుగా ఉంటుంది. అయితే రాజమండ్రి దాటి ఉత్తరానికి పోతే కోరుకొండ కనిపిస్తుంది. గోదావరి వెంట ఎగువకు పోతే పాపికొండలే ఉన్నాయి. కొండకు ఎదురుగా వచ్చిన గాలికి ముందుకు దారి లేక వాలు వెంట పైకి మళ్లుతుంది. ఎగిరేవాడికి అది మెట్లు లేని నిచ్చెన. మరి కొండకు అవతలి పక్క? అక్కడ గాలి కిందికి పడి సుళ్లు తిరుగుతుంది. వరద రోజుల్లో వంతెన స్తంభం వెనక నీళ్లు ఎలా తిరుగుతాయో గోదావరి ఒడ్డు పిల్లలకు నేను చెప్పనక్కర లేదు. ఆ సుళ్లలో చిక్కిన గుడ్డరెక్క ముడుచుకుపోతుంది.

చిక్కంతా ఏమిటంటే, గాలి ఒక దిక్కున ఉండదు. మన తీరంలో పగలు సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, రాత్రి నేల నుంచి సముద్రం మీదికి మళ్లుతుంది. మే నెలలో పడమటి వడగాలి వస్తుంది. అదే రోజు సాయంత్రం గాలివాన విరుచుకుపడవచ్చు. పొద్దున మనిషిని లేపిన వాలే, దిక్కు మారితే సాయంత్రం అతన్ని పడదోస్తుంది. వేగం సంగతీ అంతే. మామూలు పారాగ్లైడర్ గంటకు 35 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఎదురుగాలి కూడా 40 అయిందనుకోండి, మనిషి ఉన్నచోటే ఉంటాడు. అంతకు మించితే వెనక్కి, అంటే కొండ అవతలి సుళ్లలోకి పోతాడు. పైగా గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలవుతుంది.

ఆరితేరినవాళ్లకు కూడా గాలి మినహాయింపు ఇవ్వదు. సుమారు రెండువేల సార్లు కొండల మీద నుంచి గ్లైడర్లతో ఎగిరిన జర్మనీ ఇంజనీరు ఆటో లిలియెంతాల్ 1896 ఆగస్టులో అలాగే ఎగురుతూ పడి చనిపోయాడు. 2007లో ఆస్ట్రేలియాలో ఇవా విష్నియెర్‌స్కా అనే క్రీడాకారిణిని ఉరుముల మేఘం సుమారు 9,900 మీటర్ల ఎత్తుకు లాక్కుపోయింది. ఎవరెస్టు శిఖరం కన్నా ఎత్తు! ఆమె స్పృహ తప్పింది, అయినా బతికి బయటపడింది. అదే రోజు అదే తుపానులో చిక్కిన మరొకరు బతకలేదు.

"అయితే ఈ ఆట మనకు వద్దు" అంటారు కొందరు పెద్దలు. నేను ఆ మాట అనను. హిమాచల్‌ప్రదేశ్‌లోని బీర్ బిల్లింగ్‌లో 2015లో ప్రపంచ కప్ పోటీయే జరిగింది. మన కొండల మీదా ఎగరవచ్చు. కాని ముందు గుడ్డరెక్కలు కొని, తర్వాత గాలి గురించి ఆలోచించడం తలకిందుల పని. కొండ మీద కనీసం ఒక ఏడాది పాటు మూడు పూటలా గాలి దిక్కునూ వేగాన్నీ రాసిన పుస్తకం ఉండాలి. ఆ పుస్తకం లేనిచోట ఎవరినీ ఎగరనివ్వకూడదు. ఇదీ నా అభిప్రాయం.

ఆ పుస్తకం మొదలుపెట్టడానికి మీరు ఎవరి కోసమూ ఆగక్కర లేదు. బడి ఆవరణలో ఒక గెడకు రిబ్బను కట్టండి. దిక్కు తెలుస్తుంది. వేగానికి చెట్లే కొలబద్దలు. ఆకులూ చిన్న రెమ్మలూ ఆగకుండా కదులుతుంటే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు. దుమ్మూ కాగితాలూ లేస్తుంటే 20 నుంచి 28. చిన్న చెట్లు ఊగుతుంటే 29 నుంచి 38. ఇది బోఫోర్ట్ అనే నావికాధికారి పేరున్న కొలమానం. ఊళ్లో మెట్టో, కొండో ఉంటే పెద్దవాళ్లతో కలిసి ఎక్కి, కింద ఒకరూ పైన ఒకరూ ఒకే సమయానికి రాసి పోల్చి చూడండి. పైన గాలి ఎంత ఎక్కువో మీకే తెలుస్తుంది.

రేపు ఎప్పుడైనా, ఎక్కడైనా మిమ్మల్ని ఎగిరిస్తామని ఎవరైనా అంటే ఒక ప్రశ్న వేయండి: "ఈ నెలలో గాలి బాగాలేదని ఎన్ని రోజులు ఆపేశారు?" రోజులు లెక్కపెట్టి చెబితే మాట్లాడండి. "మేము ఒక్కరోజు కూడా ఆపలేదు" అని గొప్పగా చెబితే దండం పెట్టి కొండ దిగి వచ్చేయండి. స్నేహితులు పిరికివాడని వెక్కిరిస్తారా? వెక్కిరించనీయండి. తాటిచెట్టు మీద పది గంటల దాకా కూర్చున్న గద్దను పిరికిదని ఎవరైనా అంటారా?