మైలాపూరులో బాణమా, బల్లెమా?

విశాఖ నుండి చెన్నపట్నం వెళ్లే మనవారు మైలాపూరులో కపాలీశ్వరుని సేవించుకొని, సముద్రం వైపున్న సాంతోమ్ చర్చి శిఖరాన్ని దూరం నుండే చూసి మరలుతారు. చర్చికి వెళ్లేవారు గుడి ఛాయకు పోరు. నడిచి పోదగిన దూరమే. రెంటినీ ఒకే పూట చూడవలెనని నా అభిప్రాయం. ఇందుకు కారణం ఆ ఊరి పేరు.

మైలాపూరంటే మయూరపురి. పార్వతి నెమలి రూపాన శివుని అర్చించిన చోటని స్థలపురాణం. ఇక క్రీస్తు శిష్యుడైన తోమా క్రీ.శ. 52లో మలబారు తీరాన దిగి, 72లో ఇక్కడ హతుడైనాడని క్రైస్తవ సంప్రదాయం. పరంగిమలపై ప్రార్థనలో ఉండగా బల్లెంతో పొడిచారంటారు. పదమూడవ శతాబ్ది చివర ఈ తీరం సంగతులు వ్రాసిన మార్కో పోలో వినిపించిన కథ వేరు. తోమా అడవిలో ప్రార్థిస్తుండగా చుట్టూ నెమళ్లు తిరుగుతున్నాయట. ఎవడో నెమలికి గురిపెట్టిన బాణం ఆయనకు తగిలిందట. ఆ నేలపై ఎర్రమట్టిని జ్వరపీడితులకు మందుగా ఇచ్చేవారనీ, మహమ్మదీయులు సైతం అక్కడికి యాత్రగా వచ్చేవారనీ కూడ వ్రాశాడు.

శివుని కథలో నెమలి, తోమా కథలో నెమలి! పరదేశి మునికి ఆ ఊరు తన పక్షినే తోడిచ్చింది.

బల్లెం మాట కొత్తదేమీ కాదు. ప్రాచీన సిరియా భాషలోని తోమా చరిత్రలో రాజాజ్ఞపై నలుగురు భటులు పొడిచారని ఉన్నది. అందులో మైలాపూరు ఊసు లేదు. తరువాతివారు కొందరు హంతకునిగా ఒక పూజారిని తెచ్చి నిలబెట్టారు. నేను ఒప్పుకోలేనిది దీనినే. ఆధారం లేని నింద ఒక కులం నెత్తిన ఎందుకు?

అదే న్యాయం రెండవ వైపుకూ వర్తించవలెను. పోర్చుగీసులు 1523 ప్రాంతంలో సమాధి చోట చర్చి కట్టారు. ఇప్పటి కట్టడం 1896 నాటిది. పాత కపాలీశ్వరాలయం కడలి ఒడ్డునే ఉండేదనీ, పోర్చుగీసుల కాలంలో నశించగా లోపలికి మార్చి కట్టారనీ పలువురు చరిత్రకారుల మాట. 1558లో మన అళియ రామరాయలు సాంతోమ్ పై దండెత్తి కప్పం గైకొన్నాడు కూడ. ఈ సంగతి చర్చిలోనే, వచ్చినవారికి తెలిసేటట్లు వ్రాసి పెట్టడం మర్యాద. దాచినకొద్దీ దానిని ఆయుధం చేసుకొనేవారు పుడతారు.

మా విశాఖ రేవు ముఖాన మూడు కొండలపై గుడి, దర్గా, చర్చి ఉన్నాయి. అక్కడ సామరస్యం సులువు, ఎవరి కొండ వారిది. మైలాపూరులో నేల ఒక్కటే. అందుకే చిక్కు.

వెళ్లేవారు ముందుగా గుడిలో పొన్నచెట్టు చెంత నెమలి రూపాన ఉన్న అమ్మవారిని చూడండి. ఆ తరువాత సముద్రం వైపు నడవండి. ఓపిక ఉంటే పరంగిమల కూడ ఎక్కి, 1547లో అక్కడ బయటపడిన రాతి శిలువ చుట్టూ ఉన్న పహ్లవీ లిపిని చూడండి. పోర్చుగీసులకు ఎన్నో వందల ఏళ్ల ముందటిది.