సందేహాలు – సమాధానాలు: ఆటతో వచ్చిన చిక్కు

ప్రశ్న: మా అబ్బాయి వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి ఫోన్‌లో ఒక ఆట ఎక్కించాడు. అది మెసేజీలు చదివే అనుమతి అడిగితే ఇచ్చేశాడు. కొనుక్కున్న ఖిరాత్, నాత్ రికార్డింగులు పోకుండా ఫోన్‌ను శుభ్రం చేయడమెలా?
– ఒక సోదరి, ఆదోని

సమాధానం: సోదరీ, ఆటకు మెసేజీలతో పనిలేదు, ఓటీపీలు కాజేసేవారికే ఆ అవసరం. ముందుగా ఇంటర్నెట్ ఆపి, వేరే ఫోన్ నుండి బ్యాంకుకు తెలియజేయండి. సొమ్ము పోయివుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆపై ఫోటోలను, ఎంపీ3 ఫైళ్ళను మాత్రమే కంప్యూటర్‌లోకి తీసుకుని ఫోన్‌ను రీసెట్ చేయించండి. ఆ ఆట ఏపీకే ఫైలును దాచకండి. చందా యాప్‌లో దించుకున్నవి చందా ఉన్నంతకాలమే వినిపిస్తాయి. కొన్న ఫైలుకు మరో ప్రతి ఉంచుకోవడం జాగ్రత్త. దాన్ని పదిమందికి పంచడం మాత్రం హక్కుదారునికి నష్టం. అబ్బాయిని దండించకండి. భయపడిన పిల్లవాడు మరోసారి దాస్తాడు. చెప్పుకోగలిగిన పిల్లవాడే ఇంటికి కాపలా అని మేము భావిస్తున్నాము.