పచ్చి కిలోనా, ఎండు కిలోనా?

మొన్న అల్పపీడనం వెళ్లిపోయాక విశాఖలో తెన్నేటి పార్కు కింద బండల మీద నాచు కుప్పలుగా పడింది. ఓ సంచిడు ఇంటికి తెచ్చాను. ఇసుక పోయేలా రెండుసార్లు కడిగి కాటా మీద పెడితే అయిదు కిలోలు తూగింది. డాబా మీద నాలుగెండలు తగిలాక అరకిలోకి కాస్త మొగ్గు. ‘‘అయితే నాలుగున్నర కిలోల నీళ్లు మోసుకొచ్చారన్నమాట’’ అంది మా ఆవిడ.

నాచుతో ఇథనాల్ అన్న మాట విన్నప్పుడల్లా నాకిప్పుడు ఆ కాటాయే గుర్తొస్తోంది. ఆలోచన చెడ్డదేం కాదు. పెట్రోల్లో 20 శాతం కలపడానికి చెరకు, మొక్కజొన్న, చివరికి బియ్యం కూడా ఇథనాల్ ఫ్యాక్టరీలకు వెళ్తున్నాయి. అలాంటి ఫ్యాక్టరీ మా ఊళ్లో వద్దని 2024లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం రోడ్డెక్కారు. నాచుకైతే ఎకరం పొలం అక్కర్లేదు, బోరు నీళ్లక్కర్లేదు, యూరియా బస్తా అక్కర్లేదు.

కానీ దాని విలువ ఇంధనంలో లేదు. తమిళనాడులో మండపం దగ్గర ఆడవాళ్లు వెదురు తెప్పలకు కట్టి కప్పాఫైకస్ నాచు పెంచుతారు. 45 రోజులకు కోత. మొదట్లో పెప్సీ కంపెనీ సాగు చేయించింది కాబట్టి అక్కడ దాని పేరు ‘పెప్సీ పాసి’. పాసి అంటే మన పాచే. పచ్చిగా పిండితే వచ్చే రసం పైర్లకు మందు. పిప్పిలోని కరాజీనన్ అనే జిగురు ఐస్‌క్రీముల్లోకి, టూత్‌పేస్టుల్లోకి పోతుంది. ఆ పిప్పిని పులియబెట్టి ఇథనాల్ తీయవచ్చని భావనగర్ శాస్త్రవేత్తలు చేసి చూపించారు, నిజమే. అయినా అంత ధర పలికే జిగురును కారు ట్యాంకులో పోయడమంటే గంధపు చెక్కతో పొయ్యి రాజేయడమే.

ఇంధనం కావాలంటే ఎవరికీ పనికిరాక ఒడ్డున కుళ్లే నాచు ఉంది. దాన్ని ఎండబెట్టే పనిలేదు, గోబర్ గ్యాస్ లాగా తడిగానే మురగబెట్టొచ్చు. బార్బడోస్ తీరాన్ని 2011 నుంచి సర్గాసం నాచు ముంచెత్తుతోంది. అక్కడి విశ్వవిద్యాలయం వాళ్లు ఆ నాచులో రమ్ము బట్టీల వ్యర్థ జలం, గొర్రెల ఎరువు కలిపి గ్యాస్ తీశారు, దాంతో కారు నడిపారు. నాచులో ఉప్పు, గంధకం ఎక్కువ కాబట్టి ఒంటరిగా అది సరిగా మురగదు, తోడు కావాలి. మన తీరప్రాంత ఊళ్లలో పేడకు కొదవా?

నాచు ఇథనాల్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసేముందు, అయ్యా, ఒడ్డున ఒక గ్యాస్ ప్లాంటు కట్టి ఏడాది నడిపి చూడండి. లెక్కల పుస్తకంలో కిలోలు రాసేటప్పుడు మాత్రం పచ్చివో ఎండువో పక్కనే రాయండి.