చిలుకపలుకుల వర్తకము

తెలుగునాట నేడొక వింత వర్తకము వర్ధిల్లుచున్నది. హైదరాబాదులోను, బెజవాడలోను, గుంటూరులోను గోడగోడకును ప్రకటనలు వ్రేలాడుచున్నవి. ఇన్ని దినములలో ఆంగ్లము ధారాళముగ మాటాడింతుము, పరీక్షలో ఇన్ని బ్యాండ్లు తెప్పింతుము, పిమ్మట విమాన మెక్కుటయే తరువాయి అని వాని సారాంశము. ఈ మాటలు నమ్మి వచ్చువారు పసిబిడ్డలు కారు. ఏండ్ల తరబడి ఆసుపత్రులలో రాత్రింబవళ్లు రోగులను కనిపెట్టుకొని యున్న నర్సులు. ఉద్యోగము విడిచి పైచదువునకు పోగోరు ఇంజనీర్లు. పొలము తాకట్టు పెట్టిన తండ్రుల బిడ్డలు. వీరికి తుదకు దక్కుచున్నదేమి? ఒక కాగితపు కట్ట. అందు కొన్ని ప్రశ్నలు, వానికి అచ్చువేసిన యుత్తరములు. వల్లె వేయుడు, ఒప్పగింపుడు, పొండు! ఇది విద్యాదానమా, విద్య పేరిట జరుగు దోపిడియా యని మేమడుగుచున్నాము.

ముందుగా ఆ పరీక్షయొక్క స్వరూప మెట్టిదో పరికింతము. 1989లో నెలకొన్న ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అను పరీక్షలో వినికిడి భాగము సుమారు 30 నిమిషములు, ప్రశ్నలు 40. వినిపించు ధ్వనిముద్రిక ఒక్కమారే వినిపింతురు. ఇంగ్లండువాని యుచ్చారణ యొకచోట, ఆస్ట్రేలియావాని యుచ్చారణ యింకొకచోట. చెవి తప్పిన మాట తప్పినదే. సంభాషణ భాగము 11 మొదలు 14 నిమిషములు. అభ్యర్థి పరీక్షాధికారితో ముఖాముఖి మాటాడవలెను. మొదట ఇల్లు వాకిలి, ఉద్యోగము, అభిరుచులు. తరువాత ఒక చీటి చేతికిచ్చి, 1 నిమిషము ఆలోచించుకొని 2 నిమిషముల వఱకు చెప్పుమందురు. మూడవ భాగమున ఆ విషయమునుండియే పుట్టిన ప్రశ్నలపై చర్చ. ధారాళత, పదసంపద, వ్యాకరణము, ఉచ్చారణ అను నాలుగింటికిని సమముగ విలువ కట్టుదురు. బ్రిటనులో నర్సుగా నమోదు కాదలచినవారు ఈ పరీక్ష వ్రాసినచో వినికిడియందును మాటయందును 7 బ్యాండ్లు తెచ్చుకొనవలెను. రుసుము పదివేల రూపాయలకు మించినది; ఫలితము చెల్లుబడి రెండేండ్లే. తప్పినవారు మరల రుసుము కట్టవలసినదే, మరల కాగితపు కట్ట కొనవలసినదే!

న్యాయస్థానముల వ్యవహార మెఱిగినవారికి నేర్పిన సాక్షి యన నేమో తెలియును. తన పక్షపు వకీలడిగినంత సేపు గడగడ యొప్పగించును. ఎదిరిపక్షపు వకీలు లేచి, ఆనాడు వాన కురిసినదా యని పాఠములో లేని చిన్న ప్రశ్న వేయగానే తెల్లముఖము వేయును. సంభాషణ పరీక్షలోని మూడవ భాగమట్టి క్రాసు ఎగ్జామినేషనే. బట్టీయముతో వచ్చినవానిని గుర్తించుటకు పరీక్షాధికారులు శిక్షణ పొందియే యుందురు. పది వాక్యములు పండితునివలె పలికి, పదునొకండవ వాక్యమున మూగవోయిన వానిని కనిపెట్టుటకు గొప్ప శిక్షణయైన నేల? వైద్యవృత్తులవారికై యేర్పడిన ఓ.ఇ.టి. పరీక్షలోనైతే అభ్యర్థి నర్సుగాను, ఎదుటివారు రోగిగానో రోగి బంధువుగానో వ్యవహరింతురు. భయపడుచున్న తల్లిని ఊరడించుటకు ఏ కాగితపు కట్టలో ఉత్తరము దొరకును? ఎదుటివారి మాట విని, దానికి తగిన మాట పలుకువానిదే అక్కడ గెలుపు.

మఱి మనవారి చిక్కెక్కడ? తెలివియందు కాదు, చెవియందు. మన తెలుగు అజంతభాష. మాట చివర అచ్చు లేనిదే మన నాలుకకు తృప్తి యుండదు. కనుకనే బస్సు, కారు, బుక్కు అని హల్లుతో ముగియు మాటల కన్నింటికిని ఉకారము తగిలించి మనవిగా చేసికొంటిమి. తెలుగులో నిది సొగసు. ఆంగ్లమున నదే వినువానికి అడ్డు. ‘ఎగ్’ అనవలసిన చోట ‘యెగ్గు’ అందుము. అంతకంటె పెద్ద చిక్కు వేఱొకటి కలదు. మనము ప్రతి యక్షరమునకును దాని మాత్ర దానికిచ్చి పలుకుదుము. ఆంగ్లేయు డట్లు పలుకడు. ఒక యక్షరముపై బలము మోపి తక్కినవానిని మ్రింగివేయును. ‘ఫోటోగ్రాఫ్’ అనుచోట బలము మొదటి యక్షరముపై. ‘ఫటాగ్రఫీ’ అనగానే అది రెండవదానికి జరుగును. పుస్తకము చూచి కంటితో నేర్చినవాడు మ్రింగబడిన యక్షరములకై వెదకుచుండగనే ధ్వనిముద్రిక ముందునకు సాగిపోవును. పదునైదును ‘ఫిఫ్టీన్’ అందురు, ఏబదిని ‘ఫిఫ్టీ’ అందురు. రెండింటికిని భేదము బల మెక్కడ మోపుదురన్న దానిలోను, చివరి నకారములోను ఉన్నది. పరీక్షలో నిది పొరబడినచో ఒక మార్కు పోవును. ఆసుపత్రిలో 15 మిల్లీగ్రాముల మందునకు 50 మిల్లీగ్రాములిచ్చినచో పోవునదేమో పాఠకులే యూహింపవలెను.

ఈ చెవిసాధన మాని మన శిక్షణశాలలు నేర్పుచున్నది దొరల యాస! ముక్కుతో పలుకుట, నాలుక మెలిపెట్టుట, తెలుగువాడు తెలుగువానివలె వినబడుటయే నేరమన్నట్లు సిగ్గుపఱచుట. పరీక్ష కోరుచున్నది స్పష్టత, యాస కాదు. అడుగని దానిని అమ్మి సొమ్ము చేసికొనుటను వర్తకమనుట కూడ వర్తకులకు అవమానమే.

ఈ పరీక్షయే అన్యాయము, అన్యాయమునకు అడ్డదారియే మందు అనువారు కొందఱు కలరు. భాషాపరీక్షను కోటగోడగా వాడిన చరిత్ర నిజమే. 1860లో చెన్నపట్టణమునుండి ఓడలెక్కి చెఱకుతోటలకు పోయిన మన కూలీల రక్తముతో నేటాలు వర్ధిల్లినది. 1897లో ఆ నేటాలే, ఐరోపా భాషలో దరఖాస్తు వ్రాయలేనివారు రాగూడదని చట్టము చేసినది. 1901లో ఆస్ట్రేలియా 50 మాటలు చెప్పి వ్రాయుమను పరీక్ష పెట్టినది. ఏ భాషలో చెప్పవలెనో అధికారి యిష్టము. 1934లో ఎగాన్ కిష్ అను బహుభాషావేత్తను అడ్డగింపదలచి స్కాట్లండు గేలిక్కులో చెప్పిరి. అది చట్టమునకు సరిపడు ఐరోపా భాష కాదని అచ్చటి హైకోర్టే త్రోసివేసెను. 1958లో గాని ఆ పరీక్ష తొలగలేదు. అది మనుష్యుని త్రోసివేయుటకే పుట్టిన పరీక్ష. నేటి పరీక్షలో లోపములు లేవనము, లాభాపేక్ష లేదనము. కాని నియమములు ముందుగనే ప్రకటితములు, సాధనచేత గెలువదగినవి.

అడ్డదారి ఫలమేమో 2014లో బ్రిటను చూపినది. టోయిక్ అను పరీక్షలో ఒకరికి బదులొకరు కూర్చుండి మాటాడుట బయటపడగా, అచ్చట జరిగిన 58,458 పరీక్షలలో నూటికి 97 అనుమానింపదగినవని పరీక్షాసంస్థ తేల్చెనని 2019లో ఆ దేశపు ఆడిటు కార్యాలయము వెల్లడించినది. దోషితో పాటు నిర్దోషి చదువు కూలినది, వీసా పోయినది. తన గొంతు తనదేయని నిరూపించుకొనుటకు ఏండ్ల తరబడి కోర్టుల చుట్టు తిరుగవలసి వచ్చినది. కొందఱి మోసము వేలమంది మెడకు ఉరియైనది.

ఇంకొక పక్షమువారు, స్వతంత్ర భారతమున ఈ పరాయిభాష యేల యందురు. వారి అభిమానము మెచ్చదగినదే. కాని గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతమున సవరలమాట చెవిని బెట్టి విని, నోట బలికి నేర్చి, 1931లో ఆ భాషా వివరణమును ప్రకటించిరే! లిపియే లేని భాషను చెవితో సాధించిన వారిది పరభాషాదాస్యమా? పరభాష నేర్చుట దాస్యము కాదు. అర్థమెఱుగక వల్లించుట దాస్యము.

కర్తవ్యమేమి? 1914లో బెజవాడలో గ్రంథాలయసభ జరిపి, ఊరూర పఠనమందిరములు నెలకొల్పిన జాతి మనది. ప్రతి పఠనమందిరమునను సాయంకాలము ఒక గంట కేటాయింపుడు. పదిమంది వయోజనులు కూడవలెను. మొదట కాగితము లేకయే వినవలెను. విన్నది తన మాటలలో మరల చెప్పవలెను. ఒక నిమిష మాలోచించి రెండు నిమిషములు మాటాడవలెను. తక్కినవారు పాఠములో లేని ప్రశ్నలు వేయవలెను. జేబులోని ఫోనున తన గొంతు తానే పట్టి వినవలెను. విశ్రాంత ఉపాధ్యాయులు, విదేశములలో పనిచేసి వచ్చిన నర్సులు దీనికి గురువులు. 1958 నుండి హైదరాబాదులో ఆంగ్లబోధనకై జాతీయ విద్యాసంస్థ యున్నది; అది ఇట్టి బోధకులను తీర్చి జిల్లాలకు పంపుమని ప్రభుత్వముల నడుగుడు. మోసపు ప్రకటనలను దండించుటకు 2019 నాటి వినియోగదారుల చట్టమున్నది. 2024 నవంబరులో కోచింగుశాలల ప్రకటనలకే ప్రత్యేక నియమములు వెలువడినవి. చట్టము పుస్తకములో నిద్రించుచున్నచో దానిని లేపవలసినవారు పౌరులే. బ్యాండ్లకు హామీ యిచ్చినవానిని ఆ హామీ వ్రాసి సంతకము చేయుమనుడు. వాని ధైర్యమెంతయో అప్పుడే తేలును.

వయోజనునకు బుద్ధి యున్నది, అనుభవమున్నది, కుటుంబభారమున్నది. వానిని చిలుకగా మార్చి పంజరమునకు వెల కట్టువారిని ఊరూర నిలదీయుడు. ముందు చెవి తెఱపింపుడు. నాలుక తనంత తానే కదలును.