ఊరికే నడిస్తే తప్పా?

“యాడికి పోతాండారమ్మా, పొద్దన్నే ఇంతమంది?”

ఊరి చివర వేపచెట్టు కింద ఎద్దుల్ని విప్పుతున్న పెద్దాయన అడిగాడు. మేం ఏడుగురం. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. “గుడికి తాతా” అనేశాను నేను. ఆయన తలూపి తన పనిలో పడ్డాడు. ఆ దిక్కున గుడి లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. అయినా ఆ అబద్ధంతో అందరం హమ్మయ్య అనుకుని ముందుకు కదిలాం.

ఇంటికొచ్చి అంట్లు తోముకుంటుంటే నా మీద నాకే సిగ్గేసింది. నలభైకి దగ్గరపడుతున్నాను. బి.ఏ. చదివాను. ధైర్యవంతులైన ఆడవాళ్ళ మీద కథలు రాసి పత్రికల్లో పేరు చూసుకున్నాను. “ఊరికే, నడవడానికి పోతున్నాం తాతా” అని ఒక్క నిజం చెప్పడానికి నాకు నోరెందుకు రాలేదు?

ఆడవాళ్ళకు నడక కొత్తా చెప్పండి! నీళ్ళకు నడిచాం, కట్టెలకు నడిచాం. కూలికి నడిచేవాళ్ళు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నారు. మొక్కుకుంటే అలిపిరి నుంచి 3,550 మెట్లు మోకాళ్ళు పట్టుకునైనా ఎక్కుతాం. శివరాత్రికి నల్లమల అడవిలో పడి శ్రీశైలం దాకా నడిచేవాళ్ళలో మన అక్కచెల్లెళ్ళు ఎంతమంది లేరు! అయితే పని, లేకపోతే పుణ్యం. ఈ రెండూ కాకుండా ఆడది గడప దాటి నాలుగడుగులు వేస్తే మాత్రం ఊరు కారణం అడుగుతుంది. మా ఇంట్లో మగవాళ్ళు సాయంత్రం చెప్పులేసుకుని “ఊరికే అట్లా పోయొస్తా” అంటారు. ఆ ‘ఊరికే’కి ఏనాడూ ఎవరూ అర్థం అడగలేదు.

అసలు ఇదంతా మొదలైంది డాక్టరమ్మ మాటతో. రోజూ నడవమంది. వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి చెమటపట్టే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. “ఇంట్లో నేను తిరిగే తిరుగుడు చాలదా?” అన్నాను. చాలదట. సరేనని ధర్మవరం రోడ్డు పట్టుకుని ఒంటరిగా బయలుదేరాను. నాలుగు రోజులే. కుక్కలొక పక్క, ఆటోవాళ్ళు ఆపి “ఎక్కుతావా అక్కా?” అనడం ఒక పక్క. ఐదోరోజు దుప్పటి ముసుగు తన్నేశాను.

ఆ తర్వాత హైదరాబాదులో మా చెల్లెలింటికి పోయినప్పుడు అది నన్నొక ఆదివారం బండల దగ్గరికి నడకకు తీసుకుపోయింది. 1996లో మొదలైన ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అనే సంస్థ అక్కడుంది. క్వారీలకూ ప్లాట్లకూ బలైపోతున్న పాత రాతిగుట్టల్ని కాపాడాలని వాళ్ళ పట్టుదల. అందుకోసం వాళ్ళు నెలనెలా జనాన్ని ఆ గుట్టల దగ్గరికి నడిపించుకుపోతారు. కళ్ళారా చూసినదాన్ని పగలగొట్టనివ్వడానికి మనసొప్పదు కదా! పిల్లలు, ముసలివాళ్ళు, ప్యాంట్లవాళ్ళు, చీరలవాళ్ళు అందరూ వచ్చారు. ఆ బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళని చెబుతుంటే నాకు మా ఊరే గుర్తుకొచ్చింది. మా తాడిమర్రి పక్క వానలకు కరువుగానీ బండలకు కరువా? వాళ్ళకున్నదీ మాకు లేనిదీ ఒక్కటే. ఫలానా ఆదివారం, ఫలానా చోట, ఫలానా టైముకు అని ముందే ఖాయం చేసుకోవడం.

ఊరికి తిరిగొచ్చి ఆ ఒక్కటే పట్టుకున్నాను. నెలలో మొదటి ఆదివారం, మూడో ఆదివారం, పొద్దున ఐదున్నరకు. ఇద్దరొచ్చినా బయలుదేరడమే. “వీలున్నప్పుడు పోదాంలే వదినా” అన్నవాళ్ళకు నేను చెప్పింది ఒకటే మాట: ఆడదానికి వీలనేది దానంతటది రాదు, తారీఖు వేసి లాక్కోవాలి. పెళ్ళికి ముహూర్తం పెట్టుకుంటే పనులన్నీ ఎట్లా సర్దుకుంటాయో, దీనికీ అంతే. ముందురోజు రాత్రే పిండి రుబ్బిపెట్టుకుంటాం. ఇంట్లోవాళ్ళకు ఒక్కపూట కాఫీ కలుపుకోవడం వచ్చేసింది కూడా!

ఇట్లాంటివి మొదలుపెట్టడం తేలికే. నిలబెట్టడంలోనే ఉంది తిప్పలంతా. మాకు అనుభవం మీద తెలిసొచ్చినవి కొన్ని చెబుతాను.

దారి ముందుగా ఒకరు చూసి రావాలి. గుట్టల వైపైతే గొర్రెలు కాసుకునేవాళ్ళను అడగాలి. ఏ పక్క ఏ జంతువు తిరుగుతోందో వాళ్ళకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. శెనక్కాయ చేలల్లో రక్తపింజర ఉంటుంది కాబట్టి కాలు మూసే చెప్పులు, చేతిలో చిన్న కట్టె తప్పనిసరి. చేను గట్టు మీద పోయేటప్పుడు ఒక్క శెనక్కాయ చెట్టు పీకినా రెండోసారి ఆ దారి మనకు మూసుకుపోయినట్టే. ఇక మగవాళ్ళు ఆలోచించనక్కరలేని సంగతి ఒకటుంది. గంటన్నర నడకలో ఆడవాళ్ళు బయటికి వెళ్ళాల్సివస్తే ఎట్లా? అందుకని మా దారి ఎప్పుడూ మాలో ఒకరి చుట్టాలున్న ఊరి దాకా పోయి మళ్ళుకుంటుంది. ఇది చెప్పుకోవడానికి మొహమాటపడి ఎంతమంది నడకే మానేశారో!

అన్నిటికంటే పెద్ద పాఠం నా తప్పువల్ల నేర్చుకున్నాం. అది మే నెల. నేను మాటల్లో పడి ముందు ముందు పోతున్నాను. వెనక మా వీధి పిన్నమ్మ వస్తోంది. అరవై దాటిన మనిషి, చక్కెర జబ్బుంది. తనవల్ల ఆలస్యమవుతుందని ఏమీ తినకుండా వచ్చిందట. నేను తిరిగి చూసేసరికి కానుగచెట్టు మొదట్లో కూలబడి ఉంది. నోట మాట లేదు. ఎవరి కొంగునో బెల్లం ముక్క ఉండబట్టి సరిపోయింది. తేరుకున్నాక ఆమె అడిగిన మొదటి మాట, “మా వాడితో చెప్పవు కదూ? చెబితే ఇంక రానియ్యడు” అని. నేనే పోయి చెప్పాను. తప్పు నాదని చెప్పాను. నెలరోజులు ఆమెను పంపలేదు వాళ్ళు. ఆ నెలరోజులూ నాకు నిద్ర సరిగా పట్టలేదు.

అప్పటినుంచి మా గుంపులో అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళే ముందుంటారు. చివర ఒకరు అందరినీ కనిపెట్టుకుని వస్తారు. బయలుదేరేముందు “ఏం తిన్నావు?” అని ఒకర్నొకరం అడుగుతాం. ఎండాకాలం ఏడున్నరకల్లా ఇంట్లో ఉంటాం. పిన్నమ్మ ఇప్పుడు ముందు నడుస్తోంది. ఆమె వెనక నడిచేసరికి మాకూ దారిలో పాలపిట్టలు, తంగేడు పూలు కనబడటం మొదలైంది.

ఇంకో మాట మాత్రం నన్ను ఇప్పటికీ పొడుస్తూనే ఉంది. ఒకరోజు కలుపుకు పోతున్న కూలీ ఆమె మమ్మల్ని చూసి నవ్వింది. “మీరు నడిస్తే ఆరోగ్యమా? మేం నడిస్తే కాళ్ళనొప్పులొస్తాయి గదక్కా!” అంది. నా దగ్గర జవాబు లేదు. పని లేని ఒక ఆదివారం మాతో రమ్మన్నాను. వచ్చింది. మేం పిచ్చిమొక్కలనుకున్నవాటికి పేరుపేరునా చెప్పింది. ఏది పశువు తింటుందో, ఏది పుండుకు కట్టుకుంటారో చెప్పింది. మూడుసార్లు వచ్చి, పనులు మొదలుకాగానే మానేసింది. ఆమెకు ఆదివారం లేదు. మా నడక ఆమె బతుకును మార్చిందని నేను రాస్తే అది కథవుతుందిగానీ నిజం కాదు. కానీ తీరిక ఉన్నవాళ్ళం ఆ తీరికను దాచుకుని సిగ్గుపడితే ఆమెకు తీరిక దొరుకుతుందా? ‘ఆడదానికీ సొంతానికి ఒక గంట కావాలి’ అని మొదట ఎవరో ఒకరు బయటపడాలి. అప్పుడే కూలికి పోయే ఆమెకు కూడా ఆ గంట ఎందుకు లేదని అడిగే నోరు మనకు వస్తుంది.

నవ్వేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. 1991లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు పల్లెటూరి ఆడవాళ్ళు సైకిళ్ళు నేర్చుకుంటుంటే ఎన్ని మాటలన్నారో! వేలమంది తొక్కేసరికి ఆ మాటలు మూగబోయాయి. ఒక్కతే చేస్తే విడ్డూరం, పదిమంది చేస్తే వాడుక. అందుకే గుంపుగా పోవాలంటాను.

ఇంకో లాభం కూడా ఉంది. నా చిన్నప్పుడు పొలాల మధ్య ఉన్న బండిబాటలు కొన్ని ఇప్పుడు కనబడవు. నడిచేవాళ్ళు లేక ముళ్ళకంప కమ్మేసింది, లేదా ఎవరో చేలో కలుపుకున్నారు. ఇంగ్లండులో 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది, ఎక్కువగా మాంచెస్టర్, షెఫీల్డు పక్కల కష్టజీవులు, కిండర్ స్కౌట్ అనే కొండమీదికి కలిసి నడిచారు. అది భూస్వాముల వేటభూమి, అడుగు పెట్టకూడదు. ఐదుగురికి జైలు పడింది. 1935లో అక్కడి నడక సంఘాలన్నీ దేశమంతటికీ ఒక్క సంఘమయ్యాయి. చివరికి 2000 సంవత్సరంలో కొండలు, బీళ్ళ మీద నడిచే హక్కుకు చట్టం వచ్చింది. మేమేమీ జైలుకు పోవడానికి సిద్ధంగా లేం! కానీ దారి నడిచేవాళ్ళది అన్నమాట మాత్రం మన పల్లెలోనూ నిజమే.

మొన్న చలికాలంలో కొంతదూరం ఆటోలో పోయి, అక్కణ్ణుంచి నడిచి చిత్రావతి నీళ్ళు చూసొచ్చాం. పార్నపల్లె దగ్గర కట్టిన బ్యాలెన్సింగ్ రిజర్వాయరులో 10 టీఎంసీల దాకా నిలవచ్చు. ఆ వెనక నీళ్ళు మా మండలంలోకీ వచ్చాయి. కరువు సీమ ఆడవాళ్ళం, అన్ని నీళ్ళు చూసి పిల్లల్లా కేకలు వేశాం. మాతో వచ్చిన ఒకావిడ మాత్రం మాట్లాడలేదు. వాళ్ళ పుట్టింటివాళ్ళ చేను ఆ నీళ్ళ కిందే ఉందట. చెయ్యెత్తి ఎక్కడో చూపించింది. మాకు నీళ్ళే కనబడ్డాయి. అందరం ఆమె పక్కనే కాసేపు కూర్చున్నాం. ఇరవై ఏళ్ళుగా ఒకే వీధిలో ఉండి కూడా నాకా సంగతి తెలియదు. గడపలో నిలబడి మాట్లాడుకునే మాటలు వేరు, పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకునే మాటలు వేరు.

ఇప్పుడు మేం పదకొండుమందిమి. మా సంఘానికి పేరు లేదు, బోర్డు లేదు, చందా లేదు. రెండు ఆదివారాలున్నాయి, అంతే. వేపచెట్టు కింద పెద్దాయన ఇప్పటికీ అడుగుతాడు, “యాడికమ్మా?” అని. “ఊరికే తాతా, నడవడానికి” అంటాం. “పనేం లేదా మీకు?” అంటాడు. “ఉంది తాతా, వచ్చి చేసుకుంటాం” అంటుంది పిన్నమ్మ, ముందు నడుస్తూనే.

మీ ఊళ్ళోనూ ఒక గుట్టో, వంకో, పాత బండిబాటో ఉండే ఉంటుంది. మీ వీధిలో నలుగురైనా ఉంటారు. ముందు ఒక ఆదివారం ఖాయం చేసుకోండి. ఎవరైనా అడిగితే మాలాగా గుడికని అబద్ధం చెప్పకండి. ఏమంటారు?