లుంగీ కట్టుకున్నవాడూ పౌరుడే

గడచిన వేసవిలో ఒక ఉదయం మేము ఒక ప్రభుత్వ కార్యాలయ ఆవరణలో వేపచెట్టు కింద కూర్చుని, చదువురానివారికి అర్జీలు రాసిపెడుతున్నాము. ఉద్యోగ విరమణ చేసిన నాటి నుండి మాకు ఇదే వ్యాపకం. వేనాడు వైపు నుండి వచ్చిన ఒక ముసలాయన, ప్రళయకావేరి సరస్సులో నలభై ఏళ్ళు వల వేసినవాడు, ఆగిపోయిన పింఛను కోసం మా చేత అర్జీ రాయించుకున్నారు. రాత పూర్తయిన తరువాత ఆయన చేతిసంచిలో నుండి ఒక ప్యాంటు తీశారు. చెట్టు చాటుకు వెళ్ళి, కట్టుకున్న గళ్ళ లుంగీ లోపలి నుండే ఆ ప్యాంటు తొడుక్కుని, లుంగీని విప్పి మడతపెట్టి సంచిలో దాచుకున్నారు. ప్యాంటు మనవడిది. నడుముకు వదులైనందున తాడుతో బిగించుకున్నారు.

"ఎందుకు భాయ్ ఈ తిప్పలు?" అని అడిగాము.

"పోయినసారి లుంగీతో వస్తే గడప కాడే ఆపేసినారు సార్. ఎవురు నువ్వు, ఈడేం పని అన్నారు. ప్యాంటేసుకుంటే కనీసం బల్ల మీద కూర్చోమంటారు" అన్నారు ఆయన. ఆ మాటలో కోపం లేదు. వాన వస్తే గొడుగు తెచ్చుకున్నట్లు చెప్పారు.

ఆయనకు సమాధానం చెప్పలేకపోవడానికి మాకొక కారణమున్నది. మూడు దశాబ్దాలకు పైగా గుమాస్తా ఉద్యోగం చేసిన మేము, బల్లకు అవతలి వైపు కూర్చున్న రోజుల్లో, ప్యాంటు చొక్కా వేసుకున్నవారి కాగితాలు ముందు అందుకుని, లుంగీ కట్టుకున్నవారిని "కాసేపు ఆగు" అన్న సందర్భాలు లేకపోలేదు. ప్యాంటుకు "మీరు", లుంగీకి "నువ్వు" అని మా నాలుకకే అలవాటైపోయింది. మా తండ్రిగారు జీవితాంతం లుంగీయే కట్టారన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. ఈ వ్యాసం ముందుగా మా తప్పును ఒప్పుకోవడానికి, తరువాత ఆ తప్పు మా ఒక్కరిది కాదని చెప్పడానికి రాస్తున్నాము.

అసలు ఈ వస్త్రమేమిటి? సుమారు రెండు మీటర్ల పొడవున్న ఒక నూలుగుడ్డ. తడ ప్రాంతంలో తెలుగువారు దీనిని లుంగీ అంటారు. సరిహద్దు దాటి ఆరంబాకం వైపు వెళితే కైలీ అవుతుంది. మన ఇళ్ళలో పెద్దలు తహబంద్ అనేవారు. రెండు కొసలు కలిపి గొట్టంలా కుట్టినది ఒక రకం, కుట్టకుండా విడిగా ఉన్నది మరొక రకం. కుట్టిన లుంగీని తల మీదుగానో కాళ్ళ కింది నుండో వేసుకుని, మిగులు గుడ్డను ఒక పక్కకు లాగి, ముందుకు మడిచి, పై అంచును రెండు మూడు చుట్లు బయటకు చుడితే నిలుస్తుంది. బొత్తాము లేదు, నాడా లేదు. కడుపు నిండినా మాడినా అదే గుడ్డ సరిపోతుంది.

కట్టే తీరులో మనిషి పనీ, మర్యాదా రెండూ తెలుస్తాయి. నడిచేటప్పుడు, బరువులు మోసేటప్పుడు సగానికి మడిచి మోకాళ్ళ పైకి ఎగ్గడతారు. నీళ్ళలోకి దిగే జాలరి దానినే కాళ్ళ మధ్యగా వెనక్కు తీసి గోచీ పెడతాడు. వ్యాపారం చేసే పెద్దలు జేబులున్న వెడల్పాటి పచ్చ బెల్టు బిగించేవారు. మస్జిదు గుమ్మం దగ్గరకు రాగానే ఎగ్గట్టు విప్పి లుంగీని కిందికి దించుతారు. నాభి నుండి మోకాళ్ళ వరకు శరీరం కప్పబడాలన్న సత్ర్ నియమం అందరికీ తెలిసినదే. చీలమండలకు పైన ఉండేటట్లు కట్టడం ధార్మిక శ్రద్ధ గలవారి పద్ధతి. వీధిలో పెద్దవారు ఎదురైనా ఎగ్గట్టిన లుంగీని దించి నిలబడడం మన వైపు మర్యాద. ఈ మర్యాద హిందువులకూ ముస్లిములకూ ఒక్కటే. పాతబడిన లుంగీ పసిబిడ్డకు ఉయ్యాల అవుతుంది, చివరకు బొంతలో పొర అవుతుంది.

హజ్‌కు వెళ్ళే పురుషుడు ఇహ్రామ్‌లో కట్టేది కుట్టని రెండు గుడ్డలు. నడుముకు చుట్టేది ఇజార్, భుజాన వేసుకునేది రిదా. దైవప్రవక్త (స) కాలం నాటి అరబ్బుల సాధారణ వస్త్రధారణ అదే. రాజుకూ కూలీకీ అక్కడ తేడా కనిపించదు. నడుముకు గుడ్డ చుట్టుకున్నవాడిని తక్కువగా చూసేవారు ఈ విషయాన్ని కొంచెం ఆలోచించాలి.

అయితే లుంగీ కేవలం ముస్లిముల వస్త్రం కాదు. మన తెలుగు రైతు గోచీ పెట్టకుండా కట్టే అడ్డపంచెకూ లుంగీకీ కట్టులో తేడా లేదు. రంగులోనూ గళ్ళలోనూ తేడా. బర్మాలో దాని పేరు లోంజీ, మలయా దేశాలలో సరోంగు. ఇక్కడ మన తడవారు గర్వంగా చెప్పుకోదగిన ఒక సంగతి ఉన్నది. మలేషియాలో ముస్లిం పురుషులు ఇంటిలోనూ నమాజుకూ కట్టుకునే గళ్ళ సరోంగును "కాయిన్ పెలికాట్" అంటారు. కాయిన్ అంటే గుడ్డ. పెలికాట్ అంటే మన పులికాట్. ఇండోనేషియాలోనూ అదే పేరు కొద్ది మార్పుతో వాడుకలో ఉన్నది. డచ్చివారు 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టి, ఈ తీరపు నేతబట్టలను ఓడలకెత్తి తూర్పు దీవులకు పంపి, బదులుగా సుగంధ ద్రవ్యాలు తెచ్చుకున్నారు. మన సరస్సు ఒడ్డు నుండి బయలుదేరిన గుడ్డ సముద్రాలకు అవతల ఒక జాతికి నమాజు దుస్తు అయింది. ఆ సరస్సు పేరునే వారు గుడ్డకు పెట్టుకున్నారు. ఇండోనేషియా ఉపాధ్యక్షునిగా 2019 నుండి 2024 వరకు ఉన్న మారూఫ్ అమీన్ సరోంగు కట్టుకునే అధికారిక కార్యక్రమాలలో పాల్గొన్నారు. అదే సరస్సు మీద బతికిన మన ముసలాయన మాత్రం దానిని సంచిలో దాచుకుని కార్యాలయం గడప దాటవలసి వచ్చింది.

ఈ చిన్నచూపు ఎక్కడ నుండి వచ్చింది? కొంత సినిమాల నుండి వచ్చింది. తెర మీద లుంగీ ఎగ్గట్టినవాడు రౌడీ అయినా కావాలి, నవ్వులపాలయ్యేవాడైనా కావాలి. కొంత రాజకీయం నుండి వచ్చింది. 2019 డిసెంబరులో ఝార్ఖండ్‌లోని దుమ్కా సభలో ప్రధానమంత్రి, నిప్పు పెడుతున్నవారెవరో వారి బట్టలను బట్టే తెలుస్తుందని అన్నారు. ఏ మతం పేరూ ఆయన చెప్పలేదు, వినేవారికి చెప్పనక్కరలేకపోయింది. 2021 డిసెంబరులో ఉత్తరప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి వ్యాపారుల సభలో మాట్లాడుతూ, గూండాలను లుంగీతోనూ టోపీతోనూ గుర్తించి చెప్పారు. ఒక గుడ్డను నేరానికి ఆనవాలుగా చూపితే, దానిని కట్టుకున్న ప్రతి కూలీ, ప్రతి జాలరి, ప్రతి ముసలివాడు అనుమానితుడవుతాడు.

ఇది మతానికి సంబంధించిన వివక్ష మాత్రమే అనుకుంటే పొరపాటు. ముస్లిములు అధికసంఖ్యాకులైన బంగ్లాదేశ్‌లోనే, 2013లో ఢాకా నగరంలోని బారిధారా అనే సంపన్నుల పేట సంఘం లుంగీ కట్టుకున్న రిక్షావాలాలు లోపలికి రాకూడదని నిషేధించింది. యువకులు లుంగీలు కట్టుకుని సైకిళ్ళ మీద నిరసన యాత్రకు వచ్చారు. వ్యవహారం హైకోర్టు వరకు వెళ్ళింది. అంటే లుంగీ మీది చిన్నచూపులో పేదవాని మీది చిన్నచూపు ఉన్నది. మన దేశంలో పేదరికానికి మతం కూడా తోడైతే ఆ బరువు రెట్టింపవుతుంది.

పంచెకూ ఇటువంటి అవమానం జరగకపోలేదు. 2014 జులైలో చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బు, వేష్టి కట్టుకుని వచ్చిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిని లోపలికి రానివ్వలేదు. తమిళనాడు అంతటా ఆగ్రహం వ్యక్తమైంది. ఆ ఆగస్టులోనే శాసనసభ చట్టం చేసి, వేష్టి గాని ఇతర భారతీయ సంప్రదాయ దుస్తులు గాని ధరించినవారిని బహిరంగ స్థలాలలోకి రానివ్వకపోతే ఏడాది వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉంటుందని నిర్ణయించింది. అది మంచి చట్టం. కాని అవమానపడినవారు న్యాయమూర్తి కనుక కొద్ది వారాలలో చట్టం వచ్చింది. గడపల దగ్గర ఆగిపోతున్న లుంగీలకు అటువంటి చట్టం రావడానికి ఎన్ని ఏళ్ళు పట్టాలి? తెల్లని పంచెకు జరీ అంచు ఉంటే సంప్రదాయం, గళ్ళ గుడ్డ అయితే అనాగరికం అనడం ఏ న్యాయం?

ప్రభుత్వానికి ఈ గుడ్డ కొత్త కాదు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద చేనేతకే కేటాయించిన 11 రకాల వస్త్రాలలో చీర, ధోవతి సరసన లుంగీ కూడా ఉన్నది. నేసేవానికి రక్షణ ఇచ్చిన రాజ్యం కట్టుకునేవానికి గౌరవం ఇవ్వలేదా? రాజ్యాంగంలోని 14వ అధికరణం సమానత్వాన్ని, 29వ అధికరణం తమ సంస్కృతిని కాపాడుకునే హక్కును ఇస్తున్నాయి. ట్రాన్స్‌జెండర్ల హక్కులపై 2014లో ఇచ్చిన నల్సా తీర్పులో, దుస్తుల ద్వారా తమను తాము వ్యక్తపరచుకోవడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు గుర్తించింది.

ఒక అభ్యంతరం వినిపించవచ్చు. కార్యాలయానికి ఒక పద్ధతి వద్దా, యంత్రాల దగ్గర లుంగీ ప్రమాదం కాదా అని. నిజమే. శ్రీసిటీ ఫ్యాక్టరీలో పనిచేసే మన కుర్రవాడు యూనిఫాం వేసుకోవలసిందే. ఉద్యోగి దుస్తులకు నియమాలు ఉండవచ్చు. లుంగీని మోకాళ్ళ పైకి ఎగ్గట్టి బల్ల ముందు నిలబడడాన్ని మేమూ సమర్థించము. కాని ఉద్యోగి వేరు, అర్జీదారుడు వేరు. కార్యాలయం అర్జీదారుని కోసం ఉన్నది. శరీరం కప్పబడి ఉంటే, ఆయన ఏ గుడ్డతో కప్పుకున్నారన్నది గుమాస్తాకు అనవసరం.

కనుక మా విన్నపాలు ఇవి. తమిళనాడు వలె మన రాష్ట్రంలోనూ సంప్రదాయ దుస్తుల విషయంలో చట్టం తేవాలి; అందులో లుంగీ పేరు స్పష్టంగా ఉండాలి. అది వచ్చేలోగా ప్రతి కార్యాలయం గుమ్మం దగ్గర, దుస్తులను బట్టి ఎవరినీ ఆపరాదని తెలుగులోనూ ఉర్దూలోనూ బోర్డు పెట్టాలి. ఇక మన సముదాయానికి చెప్పవలసినది కూడా ఉన్నది. పెళ్ళి విందులలో లుంగీతో వచ్చిన బంధువును చివరి పంక్తికి పంపేది మనమే. తండ్రి లుంగీతో బడికి వస్తే సిగ్గుపడే పిల్లలను పెంచుతున్నదీ మనమే. ఇతరులను ఎగతాళి చేయవద్దని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో చేసిన హెచ్చరిక ముందుగా మన ఇళ్ళకే వర్తిస్తుంది.

ఆ రోజు మేము ముసలాయనను మళ్ళీ లుంగీ కట్టుకోమని కోరి, వెంట నడిచాము. గుమ్మం దగ్గర ఆయనను ఎవరూ ఆపలేదు. పక్కన ప్యాంటు వేసుకున్న మేము ఉండడమే అందుకు కారణమని మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. లోపల బల్ల వెనుక కూర్చున్న ఉద్యోగిని చూడగానే ఆయన అలవాటు కొద్దీ వంగి, అప్పటికే కిందికి ఉన్న లుంగీని మరొకసారి సవరించుకుని నిలబడ్డారు. తన తాత వయసు మనిషి తనకు మర్యాద చేస్తున్నాడని ఆ ఉద్యోగికి తెలియలేదు. మా రోజుల్లో మాకూ తెలియలేదు. ఇకనైనా తెలియాలి.