కుర్చీ ఖాళీ అయితే కేసు ఎవరిది?

కొన్నేళ్ల క్రితం ఒక జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీలో నేను అనధికార సభ్యుడిగా ఉన్నాను. ఒక సమావేశపు అజెండాలో 13వ అంశంగా ఒక మాదిగ మహిళ కేసు వచ్చింది. ఎఫ్‌ఐఆర్ నమోదై అప్పటికి 14 నెలలు. మొదటి విడత సాయం అందింది, రెండోది రాలేదు. ఎందుకని అడిగాను. దర్యాప్తు చేసిన డీఎస్పీ బదిలీ అయ్యారని, తాను వచ్చి నెలే అయిందని పోలీసు అధికారి చెప్పారు. సంక్షేమ శాఖ తరఫున వచ్చినాయన ఇన్‌చార్జి, ఆయన అసలు ఉద్యోగం మరో శాఖలో. చివరికి ఆ ఫైలు సంగతి చెప్పగలిగింది గోడవారగా నిలబడిన ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్ ఒక్కడే. ‘ఛార్జిషీటు ఎప్పుడో వేశారు సార్, ఆ కాగితం మన ఆఫీసుకు రాలేదు’ అన్నాడు. తర్వాతి సమావేశానికి ఆ కుర్రవాడూ లేడు. ఏజెన్సీ మారిందట.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, దాని నియమావళి 1995లో. ఈ చట్టం గురించి మాట్లాడేవారు సాధారణంగా శిక్షల గురించీ బెయిలు గురించీ మాట్లాడతారు. నియమావళిని చదివితే మాత్రం ఇది ప్రధానంగా శాఖల సమన్వయం మీద నిలబడిన చట్టమని తెలుస్తుంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, 60 రోజుల్లో ముగించాలి. కుల ధ్రువీకరణ పత్రం తహసీల్దారు ఇవ్వాలి. గాయాల నివేదిక ప్రభుత్వ ఆసుపత్రి నుంచి రావాలి. తక్షణ సాయం ఏడు రోజుల్లో అందేలా జిల్లా యంత్రాంగం ఏర్పాట్లు చేయాలి. చాలా నేరాలకు సాయం మూడు విడతలు: ఎఫ్‌ఐఆర్ దశలో 25 శాతం, ఛార్జిషీటు కోర్టుకు వెళ్లాక 50 శాతం, కింది కోర్టులో శిక్ష పడితే మిగిలిన 25 శాతం. అంటే పోలీసు శాఖలో ఒక కాగితం కదిలితేనే సంక్షేమ శాఖలో డబ్బు కదులుతుంది. ఈ శాఖలన్నిటినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికే 17వ నియమం కింద జిల్లా కమిటీ పెట్టారు. కలెక్టర్ అధ్యక్షుడు, జిల్లా సాంఘిక సంక్షేమ అధికారి సభ్య కార్యదర్శి. మూడు నెలలకు ఒకసారైనా సమావేశం కావాలి.

సమావేశాలు జరగడం లేదన్నది పాత ఫిర్యాదు, న్యాయమైనదే. నేను చెప్పదలచింది వేరు. సమావేశం జరిగినా, గత సమావేశంలో ఏం అనుకున్నారో గుర్తున్న మనిషి అక్కడ ఉండడం లేదు. కలెక్టర్ మారతారు, డీఎస్పీ మారతారు, సభ్య కార్యదర్శి కుర్చీలో ఏళ్లతరబడి పూర్తి అదనపు బాధ్యతల మీద ఎవరో ఒకరు కూర్చుంటారు. కమిటీలో ఎస్సీ, ఎస్టీలకు చెందిన ముగ్గురు గెజిటెడ్ అధికారులు ఉండాలని నియమం చెబుతోంది. వారు బదిలీ అయితే ఆ స్థానాలు నింపాలన్న తొందర ఎవరికీ ఉండదు.

జిల్లాల పునర్విభజన ఈ పరిస్థితిని ఇంకా పలుచన చేసింది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. పాలన ప్రజల చెంతకు వచ్చిందన్నారు. కలెక్టరేట్ భవనాలు నిజంగానే దగ్గరకు వచ్చాయి. కమిటీల సంఖ్యా పెరిగింది. కానీ ఉన్న సిబ్బందినే పంచి కొత్త బోర్డుల కింద కూర్చోబెట్టినప్పుడు ఒక్కో అధికారి నెత్తిన రెండు మూడు కుర్చీలు పడ్డాయి.

అయితే ఏ కుర్చీ ఖాళీగా ఉంటుంది? ఇక్కడే కులం కనబడుతుంది. రిజిస్ట్రేషన్లు, రెవెన్యూ, రవాణా శాఖల్లో పోస్టింగు కోసం సిఫారసు లేఖలు తిరుగుతాయి. సాంఘిక సంక్షేమానికి వేస్తే ‘లూప్‌లైన్‌లో పడేశారు’ అంటారు. దళితుల పని చూసే శాఖ అధికారుల నోట శిక్షకు మారుపేరైంది. శిక్షగా వచ్చినవారు మొదటి రోజు నుంచీ వెళ్లిపోయే దారి వెతుకుతారు. అక్కడే ఉండిపోవాలనుకునేవారు, ఫైలును నమ్ముకుని బతికేవారు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులు. నేను చూసినంతలో వారిలో ఎక్కువమంది దళిత, బీసీ కుటుంబాల పిల్లలే. ఉండాలనుకునేవారికి కొలువు లేదు, కొలువున్నవారికి ఉండాలని లేదు.

విధి నిర్వహణలో ఉద్దేశపూర్వకంగా నిర్లక్ష్యం చూపిన ఎస్సీ, ఎస్టీయేతర ప్రభుత్వ ఉద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు శిక్ష వేయవచ్చని ఇదే చట్టంలోని 4వ సెక్షన్ చెబుతోంది. మంచి సెక్షన్. కానీ ఖాళీ కుర్చీ మీద కేసు పెట్టలేం. బదిలీ నేరం కాదు, అదనపు బాధ్యత నేరం కాదు, ఏజెన్సీ మారడం అసలే కాదు. ఎవరి తప్పూ లేకుండానే బాధితురాలికి 14 నెలలు గడిచిపోతాయి.

చుండూరును తలచుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ప్రత్యేక న్యాయస్థానాన్ని ఆ ఊళ్లోనే పెట్టించుకునేదాకా ఉద్యమం పట్టు వదలలేదు. తీర్పు రావడానికి 2007 జూలై దాకా పట్టింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. ఆ పదహారేళ్లలో దర్యాప్తు, రెవెన్యూ, వైద్య శాఖల్లో ఎందరు అధికారులు మారారో లెక్కపెట్టడం కష్టం. కేసును కాపాడుకున్నది బాధితుల జ్ఞాపకం. కార్యాలయాలు మోయాల్సిన బరువును ఊరు మోసింది.

నా సూచనలు చిన్నవి. ఛార్జిషీటు వేయకముందే దర్యాప్తు అధికారిని బదిలీ చేస్తే కారణం, పెండింగు కేసుల జాబితా రాతపూర్వకంగా కమిటీ ముందు పెట్టాలి. సభ్య కార్యదర్శి పదవిని అదనపు బాధ్యతగా మూడు నెలలకు మించి ఉంచకూడదు. అత్యాచారాల కేసుల విభాగంలో ప్రతి జిల్లాకు మంజూరైన శాశ్వత పోస్టు ఒకటి ఉండాలి. ఇన్నాళ్లు ఆ పని నేర్చుకున్న ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి అందులో ముందు అవకాశం ఇవ్వాలి.

ఆ మహిళకు రెండో విడత సొమ్ము నా పదవీకాలం ముగిశాక వచ్చిందని విన్నాను. ఛార్జిషీటు ప్రతిని సంక్షేమ కార్యాలయానికి ఆమె తమ్ముడే జిరాక్సు తీయించి తెచ్చి ఇచ్చాడట.